డెస్క్‌టాప్ అప్లికేషన్‌లో తేడా రాని కౌంట్‌డౌన్ టైమర్: సమగ్ర మార్గదర్శి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని టైపింగ్ ఇన్‌స్టిట్యూట్లు, పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లు తమ ల్యాబ్‌కు కావలసిన చిన్న ప్రోగ్రాములను తెలిసిన విద్యార్థుల చేత రాయించుకోవడం మామూలే. అలా రాసేవారి నుంచి పదేపదే వస్తున్న ప్రశ్న ఇది: పది నిమిషాలకు పెట్టిన టైమర్ పది నిమిషాలకే ఎందుకు ముగియడం లేదు? పక్కపక్క కంప్యూటర్లలో ఒకేసారి మొదలుపెట్టినా ఒకటి ముందు, ఒకటి వెనక ఎందుకు ఆగుతున్నాయి?

ప్రోగ్రాము సెకన్లను తానే లెక్కపెట్టుకోవడం వల్ల ఈ తేడా వస్తుంది. ముగియవలసిన క్షణాన్ని మొదటే నిర్ణయించుకొని, దానికి ఇంకా ఎంత వ్యవధి ఉందో ప్రతిసారీ గడియారాన్ని అడిగే ప్రోగ్రాముకు ఈ ఇబ్బంది రాదు. దిగువ దశలన్నీ ఈ పద్ధతిని సక్రమంగా అమలు చేయడానికే. ఉదాహరణలకు పైథాన్‌ను, దానితో పాటే వచ్చే, విండోలు, బటన్లు తయారుచేసే టికింటర్‌ను తీసుకున్నాను. వేరే భాష వాడేవారి కోసం పదో భాగం ఉంది.

1. కోడ్ రాయడానికి ముందు తేల్చుకోవలసినవి

ప్రోగ్రాము రాయించుకుంటున్న వారిని కూర్చోబెట్టి ఈ ప్రశ్నలు అడిగి, జవాబులు కాగితం మీద రాసుకోవాలి. తర్వాత వచ్చే తగాదాలలో ఎక్కువ భాగం ఇవి అడగకపోవడం వల్లనే వస్తాయి.

- ఎంత కచ్చితత్వం కావాలి? టైపింగ్ పరీక్షకైనా, మాక్ టెస్టుకైనా సెకనులో పదో వంతు చాలు. మిల్లీసెకను దాకా కావాలని పట్టుబట్టేవారికి నిజానికి అది అక్కర్లేదు. మామూలు మానిటర్ సెకనుకు 60 సార్లే కొత్త బొమ్మ చూపిస్తుంది, అంటే రెండు బొమ్మల నడుమ 16 మిల్లీసెకన్లకు పైనే గడుస్తుంది.
- కంప్యూటర్ స్లీప్‌లోకి వెళితే సమయం గడిచినట్టా, ఆగినట్టా?
- కరెంటు పోయి వస్తే పరీక్ష ఎక్కడి నుంచి కొనసాగాలి?
- టైమర్‌ను ఆపే అధికారం అభ్యర్థికి ఉంటుందా, ఇన్‌స్ట్రక్టర్‌కు మాత్రమేనా?

2. ప్రతి సెకనుకూ ఒకటి తీసివేసే పద్ధతి ఎక్కడ దెబ్బతింటుంది

అందరూ మొదట రాసే కోడ్ ఇలా ఉంటుంది: మిగిలిన సెకన్లు 600 అని ఒక చలరాశిలో పెడతారు, టికింటర్‌లోని ఆఫ్టర్ అనే ఫంక్షన్‌తో ప్రతి 1000 మిల్లీసెకన్లకు ఒకసారి దాని నుంచి ఒకటి తీసివేస్తారు.

ఆఫ్టర్ ఇచ్చే హామీ 'సరిగ్గా 1000 మిల్లీసెకన్లకు' అని కాదు, '1000 మిల్లీసెకన్లు గడిచాక, ఖాళీ దొరికినప్పుడు' అని. విండోస్‌లో టైమర్ల లయ మామూలుగా సెకనుకు 64 సార్లు, అంటే 15.6 మిల్లీసెకన్లకు ఒకసారి కొట్టుకుంటుంది కాబట్టి, మనం అడిగిన సమయం రెండు లయల నడుమ పడితే తర్వాతి లయ దాకా ఆగక తప్పదు. దానికి లేబుల్‌ను, అంటే తెర మీద అంకెలు చూపే చోటును, మార్చడానికి పట్టే సమయం తోడవుతుంది, ఆ పైన మనం మళ్లీ ఆఫ్టర్‌ను పిలిచేది ఆ పని ముగిశాక కాబట్టి ఆలస్యమంతా తర్వాతి సెకను నెత్తిన పడుతుంది.

ఒక్కో సెకనుకు 16 మిల్లీసెకన్ల ఆలస్యం అనుకుంటే పది నిమిషాలకు 9.6 సెకన్లు, మూడు గంటల మాక్ టెస్టుకు దాదాపు మూడు నిమిషాలు అదనంగా వచ్చిపడతాయి. యాంటీవైరస్ స్కాన్ నడుస్తున్న పాత కంప్యూటర్‌లో ఇంకా ఎక్కువ. పొలాన్ని అడుగులతో కొలుచుకుంటూ పోతే ప్రతి అడుగులోని తేడా చివరి గట్టు దాకా పేరుకుంటుంది. ముందే సరిహద్దు రాయి పాతుకుంటే నడకలో తేడా ఉన్నా గట్టు కదలదు.

3. ఏ గడియారాన్ని అడగాలి

కంప్యూటర్‌లో మనకు అందుబాటులో ఉండే గడియారాలు స్థూలంగా రెండు రకాలు.

మొదటిది తెర మూలన తేదీతో సహా కనిపించేది. పైథాన్‌లో టైమ్ మాడ్యూల్‌లోని టైమ్ ఫంక్షన్ దీనినే చదువుతుంది. ఇంటర్నెట్ నుంచి సమయాన్ని సరిచేసుకున్నప్పుడు ఇది ముందుకో వెనక్కో జరుగుతుంది. ల్యాబ్ కంప్యూటర్లన్నీ అడ్మిన్ లాగిన్‌తోనే నడిచే చోట, తెలివైన అభ్యర్థి దీనిని ఐదు నిమిషాలు వెనక్కి తిప్పి ఐదు నిమిషాలు ఎక్కువ టైప్ చేయగలడు. పరీక్ష టైమర్‌కు దీనిని ఆధారం చేసుకోకూడదు.

రెండవది మోనోటానిక్ క్లాక్. ఇది ఎప్పుడూ వెనక్కి నడవదు, తేదీ మార్చినా చలించదు. పైథాన్ 3.3 నుంచి టైమ్ మాడ్యూల్‌లో మోనోటానిక్ అనే ఫంక్షన్‌గా ఉంది. విండోస్‌లో పైథాన్ 3.12 వరకు దీని విలువ దాదాపు 16 మిల్లీసెకన్లకు ఒకసారి మారుతుంది, 3.13 నుంచి అంతకంటే ఎంతో సూక్ష్మంగా మారుతుంది. మన పనికి పాతదైనా సరిపోతుంది. ఇంకా సన్నని కొలత కావాలంటే అదే మాడ్యూల్‌లో పెర్ఫ్ కౌంటర్ ఉంది.

మోనోటానిక్ క్లాక్ ఇచ్చే అంకెకు విడిగా అర్థం లేదని గుర్తుంచుకోవాలి. అది గంట కాదు, తేదీ కాదు. ఒకే కంప్యూటర్‌లో, ఒకే బూట్‌లో (ఒకసారి ఆన్ చేసి ఆపేలోపు) తీసుకున్న రెండు విలువల మధ్య తేడాకే అర్థం ఉంటుంది. దానిని ఫైల్‌లో రాసి రేపు చదివినా, పక్క కంప్యూటర్‌కు పంపినా ఉపయోగం లేదు.

4. గడువును నిర్ణయించడం, తీసివేయడం

ఈ వరుస మార్చకుండా రాయాలి.

1) వ్యవధిని సెకన్లలోకి మార్చి ఉంచుకోవాలి.

2) ప్రారంభం బటన్ నొక్కగానే ముందు తెరను సిద్ధం చేయాలి: టైప్ చేయవలసిన పేరా కనిపించాలి, పెట్టె తెరుచుకోవాలి, అప్‌డేట్ ఐడిల్ టాస్క్స్ పిలిచి తెర గీయడం పూర్తి చేయించాలి.

3) ఆ తర్వాతే గడియారాన్ని చదివి, గడువు = ఇప్పుడు + వ్యవధి అని రాసుకోవాలి. ముందే చదివితే, పేరా లోడ్ కావడానికి పట్టిన సమయం అభ్యర్థి ఖాతాలో పడుతుంది.

4) ప్రతి పిలుపులో మిగిలినది = గడువు − ఇప్పుడు అని కొత్తగా లెక్కించాలి. పాత 'మిగిలినది' విలువను ముట్టుకోకూడదు.

5) మిగిలినది సున్నా లేదా అంతకంటే తక్కువైతే ముగింపు ఫంక్షన్‌కు వెళ్లాలి. లేకపోతే అంకెలు చూపించి, తర్వాతి పిలుపును ఆఫ్టర్‌తో నిర్ణయించాలి.

ఐదో దశలో ఎంత విరామం ఇవ్వాలన్న దగ్గరే ఎక్కువమంది తడబడతారు. మళ్లీ 1000 అని రాస్తే ముగింపులో పెద్ద తేడా రాదు గాని తెర మీద వికారంగా ఉంటుంది: పిలుపులు కొద్దికొద్దిగా జరిగి, ఒకచోట 09:41 తర్వాత 09:39 కనిపిస్తుంది. చూసేవారికి ఒక సెకను ఎవరో మింగేసినట్టు అనిపిస్తుంది.

మిగిలిన మిల్లీసెకన్లను 1000తో భాగించగా వచ్చే శేషాన్ని విరామంగా ఇవ్వడమే దీనికి విరుగుడు; శేషం సున్నా అయితే 1000 ఇవ్వాలి. ఉదాహరణకు 581.984 సెకన్లు మిగిలి ఉంటే విరామం 984 మిల్లీసెకన్లు. పిలుపు 9 మిల్లీసెకన్లు ఆలస్యమై 580.991 దగ్గర వచ్చిందనుకుందాం. తర్వాతి విరామం 991 అవుతుంది, ఆలస్యం అక్కడికక్కడే చెల్లిపోతుంది. పిలుపు రెండు మిల్లీసెకన్లు తొందరపడి వచ్చినా భయం లేదు, తెర మారకుండా మరో రెండు మిల్లీసెకన్లకు మళ్లీ వస్తుంది.

ఈ లెక్క వద్దనుకునేవారు ప్రతి 100 మిల్లీసెకన్లకు పిలిచి, చూపవలసిన అంకెలు మారినప్పుడు మాత్రమే లేబుల్‌ను మార్చవచ్చు. సరళంగా ఉంటుంది, తప్పు జరిగే అవకాశం తక్కువ. విద్యార్థులకు నేను ముందు దీనినే సూచిస్తాను.

5. తెర మీది అంకెలు

మిగిలిన సెకన్లను పూర్ణాంకం చేసేటప్పుడు కిందికి కాకుండా పైకి సవరించాలి. 599.98 సెకన్లను కిందికి సవరిస్తే బటన్ నొక్కగానే 09:59 కనిపించి, చివర 00:00 చూపిస్తూ ఒక పూర్తి సెకను పరీక్ష నడుస్తూనే ఉంటుంది. పైకి సవరిస్తే, అంటే మ్యాథ్ మాడ్యూల్‌లోని సీల్ ఫంక్షన్ వాడితే, మొదటి సెకనంతా 10:00 ఉండి, 00:00 కనిపించిన క్షణమే పరీక్ష ముగుస్తుంది. అభ్యర్థులు ఎదురుచూసేది ఇదే.

సవరించిన తర్వాతే నిమిషాలు, సెకన్లుగా విడగొట్టాలి. ముందే విడగొట్టి ఒక్కోదాన్ని సవరిస్తే 09:60 లాంటి వింతలు పుడతాయి. ఫాంట్ అన్ని అంకెలకూ ఒకే వెడల్పు ఉన్నదై ఉండాలి, లేకపోతే 1 వచ్చినప్పుడల్లా లేబుల్ పక్కకు జరుగుతుంది. గంటకు మించిన పరీక్షలకు గంటల అంకెను మొదటి నుంచీ చూపించాలి.

6. ఆపడం, కొనసాగించడం, రద్దు చేయడం

టైమర్‌కు నాలుగు స్థితులు పెట్టుకోవాలి: సిద్ధం, నడుస్తోంది, ఆగింది, ముగిసింది. ఏ బటన్ ఏ స్థితిలో పనిచేయాలో ముందే రాసుకోవాలి.

ఆపినప్పుడు మిగిలినది = గడువు − ఇప్పుడు అని దాచుకొని, గడువును చెరిపేయాలి. కొనసాగించినప్పుడు గడువు = ఇప్పుడు + దాచినది. ఆగిన సమయాలన్నీ కూడి చివర్లో సర్దుదామనే ఆలోచన వద్దు, అందులో తప్పులు దూరడానికి సందులు ఎక్కువ.

తరచూ వచ్చే ఫిర్యాదు ఒకటుంది: 'ప్రారంభం రెండుసార్లు నొక్కితే టైమర్ రెట్టింపు వేగంతో పరుగెడుతోంది.' రెండు పిలుపుల గొలుసులు ఒకేసారి నడవడమే దీనికి కారణం. గడువు పద్ధతిలో వేగం పెరగదు గాని ముగింపు రెండుసార్లు జరుగుతుంది, గంట రెండుసార్లు మోగుతుంది, ఫలితం రెండుసార్లు సేవ్ అవుతుంది. ఆఫ్టర్ తిరిగి ఇచ్చే గుర్తింపును దాచుకొని, కొత్త పిలుపుకు ముందు ఆఫ్టర్ క్యాన్సిల్‌తో పాతదాన్ని రద్దు చేయాలి. నడుస్తున్న స్థితిలో ప్రారంభం బటన్‌ను పనిచేయకుండా చేయడం ఎలాగూ ఉండాలి.

7. విండో బిగుసుకుపోకుండా చూడడం

- టైమర్ ఫంక్షన్‌లో స్లీప్ అనే ఫంక్షన్ వాడకూడదు. అది ఈవెంట్ లూప్‌ను, అంటే మీటలను, క్లిక్‌లను అందుకుంటూ తెరను నడిపే చక్రాన్ని, ఆపేస్తుంది, విండో తెల్లబడి 'స్పందించడం లేదు' అని వస్తుంది.
- ఫైల్ రాయడం, డేటాబేస్‌కు పంపడం వంటి నిదానమైన పనులను వేరే థ్రెడ్‌కు, అంటే అదే ప్రోగ్రాములో విడిగా నడిచే పనివరుసకు, అప్పగించాలి.
- ఆ థ్రెడ్ లేబుల్‌ను గాని, బటన్‌ను గాని తాకకూడదు. ఫలితాన్ని క్యూలో వేయాలి, ప్రధాన థ్రెడ్ దానిని తీసుకొని తెర మార్చాలి.

గడువు పద్ధతిలో విండో మూడు సెకన్లు బిగుసుకున్నా అంకెలు 07:42 నుంచి 07:39కి దూకుతాయి, ముగిసే సమయం మాత్రం మారదు. అయితే అదే మూడు సెకన్లు చివర్లో వస్తే ముగింపు పిలుపు కూడా ఆలస్యమవుతుంది. అందుకే తర్వాతి భాగం అవసరమవుతోంది.

8. సమయం ముగిసిన క్షణం

టైమర్ పిలుపు వచ్చినప్పుడే పరీక్ష ముగిసిందని భావించడం చాలా ప్రోగ్రాముల్లో ఉన్న లోపం. పిలుపు అర సెకను ఆలస్యమైతే ఆ అర సెకనులో నొక్కిన అక్షరాలు కూడా లెక్కలోకి వచ్చేస్తాయి. నిమిషానికి 45 పదాల వేగంతో టైప్ చేసే అభ్యర్థి, పదానికి ఐదు నొక్కుల లెక్కన, ఒక సెకనులో దాదాపు నాలుగు మీటలు నొక్కుతాడు. ఫలితం అంచున ఉన్నవారికి అది చిన్న విషయం కాదు.

కాబట్టి మీట నొక్కిన ప్రతిసారీ, ఆ ఫంక్షన్‌లోనే, ఇప్పుడు గడువు దాటిందా అని చూడాలి. దాటితే ఆ అక్షరాన్ని స్వీకరించకుండా నేరుగా ముగింపు ఫంక్షన్‌ను పిలవాలి.

ముగింపు ఫంక్షన్‌లో వరుస ఇది:

1) స్థితి ఇప్పటికే 'ముగిసింది' అయితే వెంటనే వెనుదిరగాలి.
2) స్థితిని మార్చాలి.
3) టైపింగ్ పెట్టెకు తాళం వేయాలి.
4) 00:00 చూపించాలి.
5) ఫలితాన్ని సేవ్ చేయాలి.
6) చివరగా గంట మోగించాలి.

గంటను ముందు పెడితే ఏమవుతుందో విండోస్‌లో సులభంగా చూడవచ్చు: విన్‌సౌండ్ మాడ్యూల్‌లోని బీప్ తన మోత పూర్తయ్యే దాకా ప్రోగ్రామును కదలనివ్వదు. ప్లే సౌండ్‌కు అసింక్ గుర్తు (మోత ముగిసే దాకా ఆగవద్దని చెప్పేది) ఇచ్చి, చిన్న శబ్దపు ఫైల్ వాడడం మేలు.

9. స్లీప్, కరెంటు కోత

ల్యాప్‌టాప్ మూత మూసినప్పుడు మోనోటానిక్ క్లాక్ అన్ని చోట్లా ఒకేలా ప్రవర్తించదు. విండోస్‌లో పైథాన్ మోనోటానిక్ విలువ నిద్ర సమయాన్ని కూడా కలుపుకుంటుంది, లినక్స్‌లో కలుపుకోదు. ఒకే ప్రోగ్రాము విండోస్ ల్యాబ్‌లో ఒకలా, ఉబుంటు ల్యాబ్‌లో మరోలా నడవడానికి ఇదే కారణం. లినక్స్‌లో నిద్ర సమయాన్ని కూడా లెక్కించాలంటే క్లాక్ గెట్‌టైమ్ ఫంక్షన్‌కు బూట్‌టైమ్ గడియారాన్ని ఇవ్వాలి, పైథాన్ 3.7 నుంచి ఈ సదుపాయం ఉంది. పరీక్ష నడుస్తున్నంత సేపు కంప్యూటర్‌ను నిద్రపోనివ్వకపోవడం అన్నిటికంటే సుఖం. విండోస్‌లో సెట్ థ్రెడ్ ఎగ్జిక్యూషన్ స్టేట్ అనే పిలుపు ఆ పని చేస్తుంది. పరీక్ష కాగానే దానిని వెనక్కి తీసుకోవడం మరచిపోకూడదు.

ఇక కరెంటు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పటి సంగతి వేరు, అటువంటప్పుడు పరీక్షే ఉండదు. మనం లెక్కలోకి తీసుకోవలసింది పరీక్ష మధ్యలో నిమిషం పాటు పోయి వచ్చే కరెంటును. యూపీఎస్ లేని కంప్యూటర్ ఆరిపోతుంది, మళ్లీ బూట్ కాగానే పాత మోనోటానిక్ విలువకు అర్థం ఉండదు.

అందువల్ల ప్రతి ఐదు సెకన్లకు ఒకసారి మూడు విషయాలు ఫైల్‌లో రాయాలి: స్థితి, మిగిలిన సెకన్లు, ఆ క్షణంలో తెర మూలన తేదీతో సహా కనిపించే గడియారపు సమయం. టైప్ చేసిన పాఠాన్ని కూడా దానితోనే దాచాలి. నేరుగా అసలు ఫైల్ మీద రాయకూడదు, ఎందుకంటే రాస్తుండగా కరెంటు పోతే పాతదీ కొత్తదీ రెండూ పోతాయి. తాత్కాలిక ఫైల్‌లో రాసి, ఫ్లష్, ఎఫ్‌సింక్ చేసి (రాసినది నిజంగా డిస్క్‌కు చేరేలా చూసి), ఓఎస్ మాడ్యూల్‌లోని రీప్లేస్‌తో అసలు పేరు పెట్టాలి.

తిరిగి తెరిచినప్పుడు 'మిగిలినది' నుంచి కొనసాగించడమా, మధ్యలో పోయిన సమయాన్ని తగ్గించడమా అన్నది మొదటి భాగంలో రాసుకున్న జవాబును బట్టి ఉంటుంది. తగ్గించేటట్టయితే ఒక జాగ్రత్త: పాత కంప్యూటర్లలో మదర్‌బోర్డు మీద ఉండే బిళ్ల బ్యాటరీ అయిపోయి ఉంటే, కరెంటు పోయి రాగానే తేదీ ఎన్నో ఏళ్ల వెనక్కి వెళుతుంది. ఇప్పటి సమయం ఫైల్‌లోని సమయం కంటే వెనక ఉన్నా, నమ్మలేనంత ముందు ఉన్నా ప్రోగ్రాము సొంతంగా లెక్క కట్టకూడదు, ఇన్‌స్ట్రక్టర్ పాస్‌వర్డ్ అడిగి ఆయన చెప్పినట్టు నడుచుకోవాలి.

10. ఇతర భాషలు వాడేవారికి

సీ షార్ప్: విండోస్ ఫార్మ్స్‌లోని టైమర్ కచ్చితత్వం 55 మిల్లీసెకన్ల వరకే ఉంటుంది. తెర మార్చడానికి అది చాలు. కొలవడానికి స్టాప్‌వాచ్ క్లాస్ వాడాలి. డబ్ల్యూపీఎఫ్‌లో డిస్పాచర్ టైమర్ వాడాలి.

జావా: తెర కోసం స్వింగ్ టైమర్, కొలత కోసం నానోటైమ్. రెండు నానోటైమ్ విలువలను నేరుగా పోల్చకూడదు, ఒకదాని నుంచి ఒకటి తీసివేసి ఆ తేడాను సున్నాతో పోల్చాలి.

క్యూటీ: క్యూటైమర్ మామూలుగా కోర్స్ (ముతక) రకం, ఇచ్చిన విరామంలో 5 శాతం అటూ ఇటూ కావచ్చు. ప్రిసైజ్ రకాన్ని అడగాలి. గడువు పద్ధతి కోసమే క్యూడెడ్‌లైన్ టైమర్ అనే క్లాస్ ఉంది.

ఎలక్ట్రాన్: విండో వెనక్కి వెళితే టైమర్ పిలుపులు నెమ్మదిస్తాయి. బ్యాక్‌గ్రౌండ్ థ్రాట్లింగ్‌ను ఆపి, పెర్ఫార్మెన్స్ నౌతో కొలవాలి.

విండోస్ టైమర్ లయను ఒక మిల్లీసెకనుకు పెంచే పిలుపును కొందరు సలహా ఇస్తారు. మన పనికి అది అక్కర్లేదు, బ్యాటరీ ఖర్చు తప్ప ఒరిగేది లేదు.

11. పరీక్షించి చూడడం

మూడు గంటల టైమర్‌ను సరిచూడడానికి మూడు గంటలు కూర్చోనవసరం లేదు. టైమర్ క్లాస్ గడియారాన్ని నేరుగా పిలవకుండా, 'ఇప్పుడు' అనే ఫంక్షన్‌ను బయటి నుంచి తీసుకునేలా రాయాలి. పరీక్షలో దానికి మనం చెప్పిన విలువ ఇచ్చే ఉత్తుత్తి ఫంక్షన్‌ను అందిస్తే, మధ్యలో ఆపడం, పది సెకన్లు దూకడం, గడువు మీద సరిగ్గా నిలబడడం అన్నీ క్షణంలో చూడవచ్చు.

ఆ తర్వాత నిజమైన కంప్యూటర్‌లో, అదీ ల్యాబ్‌లో ఉన్నవాటిలో అన్నిటికంటే పాతదాని మీద, ఇవి చేయాలి:

- టైమర్ నడుస్తుండగా తేదీని, గంటను మార్చాలి. అంకెలు చలించకూడదు.
- ప్రారంభం బటన్‌ను వరుసగా ఐదారుసార్లు నొక్కాలి. గంట ఒక్కసారే మోగాలి.
- ఆపి, కొనసాగించడం పదిసార్లు చేసి, ఆగిన సమయం కలవలేదని చూసుకోవాలి.
- పెద్ద ఫైల్ కాపీ పెట్టి, యాంటీవైరస్ స్కాన్ నడిపి చూడాలి.
- మూత మూసి తెరవాలి.
- ప్లగ్ పీకి, మళ్లీ పెట్టి, దాచిన పాఠం తిరిగి వచ్చిందో లేదో చూడాలి.

ఫోన్‌లోని స్టాప్‌వాచ్‌తో పోల్చేవారు తమ వేలి ఆలస్యమే సెకనులో ఐదో వంతు దాకా ఉంటుందని గ్రహించాలి. అంతకంటే సన్నగా తెలియాలంటే ముగింపు ఫంక్షన్ మొదటి వరుసలోనే పెర్ఫ్ కౌంటర్ చదివి, నిజంగా గడిచిన సమయానికీ అడిగిన వ్యవధికీ తేడాను లాగ్ ఫైల్‌లో రాయించాలి. ఆ తేడా మామూలుగా 50 మిల్లీసెకన్ల లోపే ఉండాలి. ఏదైనా ఒక కంప్యూటర్‌లో అది రోజూ అంతకు మించుతుంటే కోడ్‌ను తిరగరాయకుండా, ముందు ఆ కంప్యూటర్‌లో వెనక ఏ ప్రోగ్రాములు నడుస్తున్నాయో టాస్క్ మేనేజర్ తెరిచి చూడాలి.